అంచులో మూడు చిలకలు

ఏటి ఇసకలో ఆరేసిన గుడ్డ
టీ తాగొచ్చేలోగా లేదు.
పద్నాలుగు మూరల కన్నప్ప.
అవ్వకి ఏడు నెలల నడుంనొప్పి.

"గుడ్డ పోతే కేసేందమ్మా,
చీరా, దుప్పటా?" అన్నాడు కాళహస్తి రైటరు.
అవ్వ జవాబు చెప్పలేదు, చేతులు చూపింది.
గోళ్ల చుట్టూ కసిం నలుపు,
ఇనపతుప్పూ బెల్లమూ కుండలో ఇరవై రోజులు పులిసిన నలుపు,
ఏ సబ్బుకీ లొంగనిది.
ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

రెండేళ్లు.
ఇంటర్ కోచింగ్ ఎగ్గొట్టి నేనూ ఇంతియాజూ
తిరుపతిలో గోవిందరాజుల గుడి వెనక సందులు కొలుస్తుంటే
ఒక ఏసీ కొట్టు అద్దంలో నిలబడున్నాడు కన్నప్ప.
మా కన్నప్పే.
టీ డికాషన్లో ముంచి ముసలోణ్ణి చేసినారు.
కింద చీటీ:
రెండొందల ఏండ్ల నాటిది. చేసిందెవరో తెలియదు.

నాకు చెవులు గుయ్యిమన్నాయి.
ఇంతియాజ్ మాత్రం ధర అడిగాడు, చానా మర్యాదగా,
వాళ్ల నాయనకి హోటలుందని.
ఉండేది బస్టాండులో జిరాక్స్ అంగడి.
బేరమాడతా బేరమాడతా ఫోన్లో పదహారు ఫోటోలు.

రేణిగుంట దాటాక, బస్సు కుదుపుల్లో, పెద్దవి చేసి చూస్తే
అంచంతా చిలకలు, అన్నీ ఒకటే తీరు,
కుడి మూల మూడు తప్ప.
మొదటిదాని మెడలో ఐదు చుక్కలు, తోకలో ఐదు.
రెండోదాని మెడలో నాలుగు, తోకలో ఐదు.
మూడోది మళ్లీ మొదటి దానిలాగే.
"ఫోన్ నంబరా?"
"ఆరంకెలకి ఫోనేందిరా. పిన్‌కోడు."
"మన పిన్‌కోడు ఐదొందల పదిహేడుతో గదా మొదలయ్యేది."
ఏర్పేడు దాకా కొట్లాడుకుంటానే ఉన్నాం.

అవ్వ నోరు విప్పదు.
"దాచిపెట్టింది నేనే చెప్తే ఇంక దాచిందెందుకు?"
కూడినాం, హెచ్చవేసినాం, తిరగేసి చదివినాం.
ఆదివారం ఆమే పిలిచి,
కసిం కుండ పక్కకి జరపమంది.

కుండ వెనక గోడ మీద బొగ్గుతో
ఐదు వరసలు, వరసకి ఐదక్షరాలు.
క నించి మ దాకా.
అంతే. య లేదు, ర లేదు.
మ దాకా వచ్చినాక
వాళ్ల నాయన పలక పీక్కుని కలం చేతికిచ్చినాడంట.

మెడ వరస. తోక అక్షరం.
ఐదో వరసలో ఐదోది. నాలుగో వరసలో ఐదోది.
మ న మ.
"మనం!" ఎగిరాడు ఇంతియాజ్, "మనం చేసిందని!"
కొమ్ములూ ఎత్వాలూ ఒత్తులూ చుక్కలకి అందవు.
అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకుంటా నవ్వింది.
"మునెమ్మ రా సామీ. నా పేరు."
నాకెందుకో ఇద్దరూ కరెక్టే అనిపించింది.

పీకబోయే కన్ను ఎక్కడుందో తప్పిపోకుండా
కాలి బొటనవేలు ఆనించి పెట్టుకున్నోడి ఊరు మాది.
గుర్తు పెట్టకుండా ఏదీ ఇయ్యం.

స్టేషన్లో కొత్త ఎస్సైయమ్మ
చుక్కలు తనే లెక్కపెట్టుకుంది,
పెదాలు కదుపుతా, ఒకటో క్లాసు పిల్లలాగా:
త థ ద ధ న.
ఆ రాత్రే కొట్టు గోడౌను తెరిపించారు.
ఇంకా ఆరు గుడ్డలు. మూడింట్లో మా చిలకలు.
తక్కినవి ఎవరివో:
ఒకదాని అంచులో చేపల పొలుసులు ఎక్కువా తక్కువా ఉన్నాయి,
ఒకదాంట్లో ఏనుగుల గంటలు.
వాటిని విప్పడం మాకింకా చేతకాలేదు.

కన్నప్ప ఇప్పుడు స్టేషను బీరువాలో,
మెడలో కేసు నంబరు చీటీతో.
కోర్టు తేల్చేదాకా అక్కడే.

స్టేట్‌మెంటు కింద వేలిముద్రకి
ఇంకు ప్యాడు ముందుకి తోశాడు అదే రైటరు.
అవ్వ పెన్ను అడిగింది.
గీసింది, తాపీగా,
మూడు చిలకలు. మెడల్లో చుక్కలు. తోకల్లో చుక్కలు.
"ఏందవ్వా ఇది?"
"చేసిందెవరో తెలీదని రాసినారు గదప్పా," అంది.